ఇంకో విశ్వంలో కూడా మీకు సీటు రాలేదు

ఈ మధ్య శ్రీకాకుళంలో ఏ పెళ్లికెళ్లినా, ఎవరింటికి భోజనానికెళ్లినా, నేను ఫిజిక్స్ చెబుతానని తెలిసిన పాపానికి ఎవరో ఒకరు కుర్చీ దగ్గరకు జరుపుకుని అడిగేది ఒకటే: "ఏటి మాస్టారూ, ఈ ప్యారలల్ యూనివర్సులు నిజంగా ఉన్నాయా?" అమరావతికి క్వాంటం కంప్యూటర్ వస్తుందన్న వార్తలు మొదలయ్యాక ఇది మరీ ఎక్కువైంది. అడగడం మంచిదే. కాకపోతే అడిగేవాళ్లలో చాలామందికి జవాబు అక్కర్లేదు, అది వాళ్ల దగ్గర ముందే ఉంటుంది. సినిమాల్లో చూసింది కొంత, రీల్స్‌లో విన్నది కొంత, ఏదో పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో డబ్బు కట్టి నేర్చుకున్నది ఇంకొంత. నేను తలూపితే చాలు వాళ్లకి.

నేను తలూపను. క్వాంటం మెకానిక్స్ గురించి జనంలో తిరిగే అపోహలు పైకి రకరకాలుగా కనిపిస్తాయి గానీ, నా లెక్కలో వాటన్నిటికీ వేరు ఒకటే: మనిషిని తీసుకెళ్లి మధ్యలో కూర్చోబెట్టడం. మనం చూస్తే కణం మారిపోతుందంట. మనం గట్టిగా అనుకుంటే జరుగుతుందంట. మనం ఓ నిర్ణయం తీసుకోగానే విశ్వం రెండుగా చీలిపోతుందంట. ఎంత పెద్ద పీట వేసుకున్నామో చూడండి మనకి! భౌతికశాస్త్రంలో మనిషిని ఇంతగా పట్టించుకోని శాఖ ఇంకోటి లేదేమో అని నాకనిపిస్తుంది.

ముందు వింత ఎక్కడుందో చూద్దాం, ఎందుకంటే వింత ఉన్నమాట నిజమే. జాతరల్లో అమ్మే ఎర్ర లేజర్ లైటు ఒకటి తీసుకోండి. ఒక తల వెంట్రుకని దాని మూతికి అడ్డంగా, సరిగ్గా మధ్య నుంచి నిలువుగా వెళ్లేలా సెల్లోటేపుతో అంటించండి. కరెంటు పోయిన రాత్రి అయితే ఇంకా బాగుంటుంది. మూడు మీటర్ల దూరంలో ఉన్న తెల్ల గోడ మీదకి వెయ్యండి (ఎవరి కళ్లల్లోకీ కొట్టకండి). గుండ్రటి చుక్క పడాల్సిన చోట ఎరుపు అటూ ఇటూ సాగిపోయి, మధ్యమధ్యలో నల్లటి సందులతో, దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. సందుకీ సందుకీ మధ్య సుమారు రెండున్నర సెంటీమీటర్లు ఉంటుంది, మీ జుట్టు సన్నంగా ఉంటే ఇంకా ఎక్కువ. వెంట్రుకకి కుడివైపు నుంచి వచ్చిన వెలుగూ ఎడమవైపు నుంచి వచ్చిన వెలుగూ గోడ దగ్గర కలిసి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి పెంచుకున్నాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి చంపేసుకున్నాయి. వెలుగుకి వెలుగు కలిస్తే చీకటి! 1803లో థామస్ యంగ్ లండన్‌లో చూపించిందీ ఇదే, ఆయన సూర్యకిరణానికి సన్నటి అట్టముక్క అడ్డం పెట్టాడు. మా ట్యూషన్లో పిల్లలకి నేను మొదట చూపించేది ఇదే. గోడ మీద ఆ గీతల్ని స్కేలుతో కొలిచి వాళ్ల వెంట్రుక మందం వాళ్లే కట్టుకుంటారు, తర్వాత ఎవరి జుట్టు లావు అన్న గొడవ ఓ పావుగంట.

ఇంతవరకూ అలల సంగతి, ఇందులో క్వాంటం ఏమీ లేదు. 1989లో జపాన్‌లో హిటాచి ప్రయోగశాలలో అకిరా టోనోమురా బృందం ఇలాంటి పనే ఎలక్ట్రాన్లతో చేసింది, అదీ ఒక్కొక్కటిగా వదిలి. ఒకటి తెర మీద పడిన తర్వాతే ఇంకోటి బయల్దేరేంత పల్చగా వదిలారు. ప్రతి ఎలక్ట్రానూ తెర మీద ఒకే ఒక్క చుక్కగా పడింది. పదో పాతికో పడినప్పుడు చూస్తే తీరూ తెన్నూ లేని చుక్కలు. వేలల్లో పడ్డాక చూస్తే గీతలు. పక్కన ఇంకో ఎలక్ట్రాన్ లేనప్పుడు ఏది దేనితో కలిసి గీతలు గీసింది? ఇదీ అసలు వింత. 1926లో ష్రోడింగర్ రాసిన సమీకరణం ఒక అల ఎలా నడుస్తుందో చెబుతుంది, ఆ ఏడాదే మాక్స్ బోర్న్ ఆ అల ఎత్తుని వర్గం చేస్తే అక్కడ చుక్క పడే సంభావ్యత వస్తుందన్నాడు. లెక్క ఇంతే. ఈ లెక్క మీదే మీ ఫోన్‌లో ట్రాన్సిస్టరూ, ఇంట్లో ఎల్‌ఈడీ బల్బూ, ఆసుపత్రిలో ఎంఆర్ఐ మిషనూ నడుస్తున్నాయి. తగువంతా ఆ అల అంటే ఏమిటన్న దగ్గరే.

ఇక్కడే మొదటి అపోహ పుట్టింది. ఎలక్ట్రాన్ ఎటువైపు నుంచి వెళ్లిందో కనిపెట్టే పరికరం పెడితే గీతలు మాయమవుతాయి, అది నిజం. దాన్ని "మనం చూస్తే మారిపోయింది" అని చెప్పేశారు, అక్కడినుంచి "మన మనసే వాస్తవాన్ని సృష్టిస్తుంది" వరకూ ఒక్క గెంతు. వియన్నాలో 1999లో ఆంటన్ జైలింగర్, మార్కుస్ ఆర్న్ట్ వాళ్లు అరవై కార్బన్ పరమాణువులున్న బంతిలాంటి అణువులతో కూడా ఇలాంటి గీతలు రాబట్టారు. 2004లో అదే బృందం డెబ్బై పరమాణువుల బంతుల్ని దారిలో లేజర్‌తో వేడెక్కించి చూసింది. బాగా వేడెక్కిన అణువు ఎర్రగా కాలిన ఇనుములా తనంతట తనే వెలుగు కణాల్ని విడుస్తుంది. వేడి పెంచేకొద్దీ గీతలు పల్చబడి చివరికి లేకుండా పోయాయి. ఆ వెలుగుని ఎవరూ పట్టుకోలేదు, ఎవరూ చూడలేదు, అది పోయి గదిగోడలో కలిసిపోయింది. అణువు ఎక్కడుందన్న కబురు బయటికి పొక్కితే చాలు, దాన్ని వినే చెవి ఉండక్కర్లేదు. క్వాంటంలో "పరిశీలకుడు" అంటే ఒక గాలి అణువు కావచ్చు, ఒక గోడ కావచ్చు.

యూజీన్ విగ్నర్ అంతటి భౌతికశాస్త్రజ్ఞుడు 1961లో చైతన్యానికి ఇందులో పాత్ర ఉందని రాశాడని ఎవరైనా గుర్తు చేస్తారు. రాశాడు. తర్వాత ఆ అభిప్రాయాన్ని వదిలేశాడు కూడా, రెండోది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

ఇంకా అనుమానముంటే అరసవిల్లి వెళ్లండి. మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దున్నే కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయని రాత్రే వచ్చి లైన్లో నిలబడతారు జనం. ఆ సూర్యుడి నడిమధ్యన ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు. మనకి చాలా ఎక్కువ అనిపిస్తుంది గానీ, పాత భౌతికశాస్త్రం లెక్క ప్రకారం అది చాలదు. రెండు ప్రోటాన్లు ఒకదాన్నొకటి గెంటుకోకుండా కలవాలంటే ఇంకా ఎన్నో రెట్ల వేడి కావాలి. అయినా కలుస్తున్నాయంటే మధ్యలో ఉన్న అడ్డుగోడని దాటకుండానే అవతల తేలుతున్నాయి కాబట్టి. టన్నెలింగ్ అంటారు దాన్ని, శుద్ధ క్వాంటం వ్యవహారం, 1929లో ఆట్కిన్సన్, హౌటర్‌మన్స్ లెక్క కట్టారు. చూసేవాడంటూ ఎవడూ పుట్టకముందు నుంచీ, 460 కోట్ల ఏళ్లుగా అది అలా జరుగుతూనే ఉంది. మన చూపు కోసం సూర్యుడు ఆగలేదు.

పిల్లి కథ అందరికీ తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. ష్రోడింగర్ 1935లో పెట్టెలో పిల్లిని పెట్టింది "చూడండి, పిల్లి చచ్చీ బతికీ ఉంటుంది, ఎంత అద్భుతం" అనడానికి కాదు. ఈ సిద్ధాంతాన్ని ఇలాగే పైకి సాగదీస్తే ఎంత విడ్డూరంగా తయారవుతుందో చూపించి ఎగతాళి చేశాడాయన. ఇప్పుడు టీషర్టుల మీద ఎగతాళి పోయి అద్భుతమే మిగిలింది. మరి పిల్లులు మనకి అలా ఎందుకు కనిపించవు? చెరువులో రెండు రాళ్లు వేస్తే రెండు అలలూ కలిసిన చోట ముగ్గులాంటి ఆకారం ఏర్పడుతుంది. ఈలోగా జోరువాన మొదలైతే ఆ ముగ్గు కనిపించదు. అలలు ఎక్కడికీ పోలేదు, లక్ష చినుకుల అలల్లో కలిసిపోయి మళ్లీ విడదీయలేనంతగా చిక్కుపడిపోయాయి. పిల్లి మీద క్షణక్షణం పడుతున్న గాలి అణువులూ వెలుగూ వేడీ ఆ వానలాంటివి. డీకోహెరెన్స్ అనే ఈ సంగతిని 1970లో జర్మనీలో డీటర్ త్సే మొదలుపెట్టాడు, ఎనభైల్లో జురెక్ ముందుకు తీసుకెళ్లాడు. ఇది అర్థమైతే సగం మాయ విడిపోతుంది.

మిగిలిన సగం దగ్గరే ఈ ప్యారలల్ యూనివర్సుల మాటకి మూలపురుషుడు హ్యూ ఎవరెట్ ఉన్నాడు. ప్రిన్స్‌టన్‌లో జాన్ వీలర్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడు, 1957లో సిద్ధాంతం ప్రచురించేనాటికి ఇరవయ్యారేళ్లు. ఎవరెట్ కొత్త విశ్వాల్ని ఊహించి కలిపాడని జనం అనుకుంటారు. ఆయన కలిపింది ఏమీ లేదు, తీసేశాడు. అప్పటిదాకా పుస్తకాల్లో రెండు నియమాలుండేవి: మామూలప్పుడు అల ష్రోడింగర్ సమీకరణం ప్రకారం నడుస్తుంది, కొలిచినప్పుడు మాత్రం చటుక్కున ఒకే ఫలితం దగ్గరకు కుప్పకూలుతుంది. ఈ రెండో నియమం ఎందుకు, కొలిచే పరికరమూ పరమాణువులతో చేసిందే కదా, దానికి మాత్రం వేరే చట్టమేమిటి అన్నాడు ఎవరెట్. కూలడం తీసేసి సమీకరణాన్ని దాని మానాన వదిలేస్తే, ఒక ఫలితం చూసిన పరికరమూ ఇంకో ఫలితం చూసిన పరికరమూ రెండూ లెక్కలో మిగులుతాయి, డీకోహెరెన్స్ వల్ల ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఆ శాఖల్ని లోకాలనడం తర్వాత వచ్చింది, బ్రైస్ డివిట్ 1970లో రాసిన వ్యాసంతో జనంలో పడింది. ఈలోగా ఎవరెట్ ఫిజిక్స్ వదిలేసి అమెరికా రక్షణశాఖ పెంటగాన్ కోసం అణుయుద్ధం లెక్కలు వేసే పనిలోకి వెళ్లిపోయాడు, 1982లో 51 ఏళ్లకే పోయాడు.

(విశ్వం పుట్టిన మొదట్లో విపరీతంగా ఉబ్బినప్పుడు మనకి అందనంత దూరంలో వేరే విశ్వాలు ఏర్పడి ఉండొచ్చన్నది పూర్తిగా ఇంకో సిద్ధాంతం, ఖగోళంవాళ్లది. రెంటినీ కలిపి మల్టీవర్స్ అని ఒకే సంచిలో వేసి చెప్పే వీడియోలు చూసి బుర్ర పాడుచేసుకోకండి.)

ఇప్పుడు అసలు నొప్పి ఎక్కడుందో చెబుతాను. కిందటేడు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకులొచ్చిన వారం, సాయంత్రం బ్యాచ్ వెళ్లిపోయాక ఒక కుర్రాడు బెంచీ దగ్గరే నిలబడిపోయాడు. పలాస వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉండి చదివాడు, వాళ్ల నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అనుకున్న కాలేజీకి ర్యాంకు చాలదు. చివరి నిమిషంలో ఒక ప్రశ్నకి బి పెట్టింది తీసేసి సి పెట్టాడంట, బి కరెక్టు. ఇంకో రెండు చోట్ల కూడా అలాగే చేశాడు.

"మాస్టారూ, నేను మార్చకుండా వదిలేసిన విశ్వం ఒకటి ఉంటాది కదండీ? అందులో నాకు సీటొచ్చేసుంటాది."

అలాంటి టైములో అవునురా అనేస్తే పోయేదేముంది అనుకుంటారు. నాకు అనబుద్ధి కాలేదు. కూర్చోమని చెప్పి, ఒప్పుకోడని తెలిసీ చెప్పాను. మెదడు వెచ్చగా తడిగా ఉండే పదార్థం, లోపల పరమాణువులు క్షణం ఊరుకోకుండా గుద్దుకుంటూ ఉంటాయి. మాక్స్ టెగ్‌మార్క్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 2000లో కట్టిన లెక్క ప్రకారం మెదడులో సూపర్‌పొజిషన్, అంటే రెండు స్థితులు అలల్లా కలిసి ఉండటం, ఏదైనా ఏర్పడినా సెకనులో పది లక్షల కోట్లవ వంతుకు మించి నిలవదు, న్యూరాన్ ఒక్కసారి మెరవడానికి పట్టే కాలం సెకనులో వెయ్యోవంతు. ఈ టెగ్‌మార్క్ సమాంతర విశ్వాల్ని గట్టిగా నమ్మేవాళ్లలో ఒకడు కూడాను. కాబట్టి బి వద్దు సి అనుకోవడం నీ తలలో ఏదో ఎలక్ట్రాన్ బొమ్మాబొరుసూ వేసుకోవడం వల్ల జరగలేదు. నీ చదువు, ఆ పూట నీ టెన్షన్, ఆ చాప్టర్ నువ్వు పైపైన చూసి వదిలేయడం, ఇవన్నీ కలిసి చేయించాయి. ఎవరెట్ చెప్పిందే నిజమనుకున్నా, శాఖలు నీ నిర్ణయాల దగ్గర చీలవు, రేడియోధార్మిక పరమాణువు పగలడంలాంటి చోట్ల చీలతాయి, నువ్వున్న శాఖల్లో దాదాపు అన్నిటిలోనూ నువ్వు సి-యే పెట్టావు. ఎక్కడో లెక్కకి రానంత పల్చటి శాఖలో పెట్టకపోయి ఉండొచ్చు, అక్కడివాడు వాడు. నీకూ వాడికీ కబురూ కాకరకాయా ఏమీ ఉండదు, సమీకరణం ఆ దారి ఇవ్వదు.

"లేదని ఎలా చెప్తారండి మీరు?" అన్నాడు కోపంగా. తర్వాత కాసేపటికి, "అయితే ఆ చాప్టరు వల్లేనంటారా?" అన్నాడు. ఆ చాప్టర్ తీశాం. థర్మోడైనమిక్స్.

ఇక ఈ బాధ మీదే వ్యాపారం చేసేవాళ్లు. ఫంక్షన్ హాల్ బుక్ చేసి, మీకు కావలసిన విశ్వంలోకి మనసుతో జంప్ అవడం నేర్పుతాం, కారు కావాలంటే కారున్న విశ్వాన్ని పట్టుకోండి అని చెప్పే క్లాసు ఒకటి మా బంధువొకాయన బలవంతం మీద చూశాను. వేదిక మీద ఉన్నవాడు డబుల్ స్లిట్ (వెంట్రుక బదులు రెండు సన్నటి చీలికలతో చేసే అదే ప్రయోగం) బొమ్మ చూపించాడు, నిజం బొమ్మే. తర్వాత వచ్చిన ఏ వాక్యానికీ ఆ బొమ్మతో సంబంధం లేదు. చివర్లో క్వాంటం లాకెట్లు అమ్మారు. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ, 5జీ నుంచి కాపాడతాయని చెప్పి అమ్మే పది రకాల వస్తువుల్లో రేడియోధార్మికత ఉందని, ఒంటిమీద పెట్టుకోవద్దని హెచ్చరించింది. లాకెట్లూ బ్రేస్‌లెట్లూ అందులో ఉన్నాయి. ఇలాంటి లాకెట్లలో తరచూ దొరికేది థోరియం. అదే కావాలంటే కళింగపట్నం, భావనపాడు తీరం ఇసకలో థోరియం ఉన్న మోనజైట్ ఉచితంగా ఉంది, వేలకి వేలు పోసి మెళ్లో కట్టుకోవడం దేనికి?

ఎంటాంగిల్‌మెంట్ గురించి ఎక్కువ చెప్పను. అలా ముడిపడిన రెండు కణాలు ఎంత దూరంలో ఉన్నా, కొలిస్తే వాటి ఫలితాలు పొంతనగా వస్తాయి, ఆ పొంతన ముందే రాసిపెట్టుకున్న చీటీలతో వివరించలేనంత ఎక్కువని జాన్ బెల్ 1964లో చూపించిన దారిలో ప్రయోగాలు చేసినందుకే క్లౌజర్, ఆస్పే, జైలింగర్‌లకి 2022లో నోబెల్ ఇచ్చారు. కానీ దానితో ఒక్క అక్షరం కూడా అవతలికి పంపలేం. ఒకచోట చూస్తే వచ్చేవి ఎప్పుడూ గజిబిజి అంకెలే, రెండుచోట్ల అంకెల్నీ మామూలు ఫోన్‌లో పోల్చుకున్నాకే పొంతన బయటపడుతుంది. తల్లికీ బిడ్డకీ మధ్య ప్రేమకి ఈ పేరు పెట్టకండి, ప్రేమకి ఈ దన్ను అక్కర్లేదు.

క్వాంటం కంప్యూటర్ సంగతికొస్తే, కేంద్రం 2023లో 6,003 కోట్లతో నేషనల్ క్వాంటం మిషన్ పెట్టింది, మన రాష్ట్రమూ హడావుడిలో ఉంది, పిల్లల్ని ఏ కోర్సులో చేర్చాలని తల్లిదండ్రులు అడుగుతున్నారు, అందులో తప్పు లేదు. తప్పల్లా "కోట్ల విశ్వాల్లో ఒకేసారి లెక్క చేసి జవాబు తెచ్చేస్తుంది" అన్న మాట దగ్గరే ఉంది. అలాగైతే వరసాపాడూ లేని కోటి పేర్ల జాబితాలో ఒక పేరు వెతకడానికి ఒక్క అడుగు చాలాలి. మామూలు కంప్యూటర్‌కి సగటున యాభై లక్షల సార్లు చూడాలి. 1996లో లోవ్ గ్రోవర్ కనిపెట్టిన క్వాంటం పద్ధతికి రెండున్నర వేల సార్లు చాలు. చాలా గొప్ప ఆదాయే, కానీ ఒక్కసారి కాదు, అంతకన్నా తగ్గించడం కుదరదని నిరూపణ కూడా ఉంది. కారణం ఆ వెంట్రుక ప్రయోగంలోదే. అన్ని దారుల్నీ కలిపి పెట్టడం తేలిక, కొలిస్తే వచ్చేది మాత్రం ఒక్కటే, అదీ గుడ్డిగా. తప్పు జవాబుల అలలు ఒకదాన్నొకటి చంపుకునేలా, సరైనదాని అల పెరిగేలా మెల్లగా అడుగు తర్వాత అడుగు వేయించాలి. అలా వేయించగలిగే లెక్కలు కొన్నే ఉన్నాయి. అందుకే అది మీ ల్యాప్‌టాప్‌కి పెద్దన్నయ్య కాదు, కొన్ని పనులకి మాత్రమే పనికొచ్చే ప్రత్యేకమైన యంత్రం.

ఇంత చెప్పి, మరి మీరేమంటారు, ఉన్నాయా లేవా అంటే, శాస్త్రజ్ఞుల్లోనే ఏకాభిప్రాయం లేదు. 2025లో నేచర్ పత్రిక వెయ్యికి పైగా భౌతికశాస్త్రజ్ఞుల్ని అడిగితే మూడోవంతుకు కాస్త ఎక్కువమంది పాత కోపెన్‌హాగెన్ మాటకే (కొలిస్తే అల కూలుతుందన్న పుస్తకాల మాటే అది) ఓటేశారు, ఎవరెట్ వైపు సుమారు 15 శాతమే. నేను ఓటెయ్యాల్సి వస్తే ఎవరెట్‌కి వెయ్యను, వింతగా ఉందని మాత్రం కాదు. వింత అయితే నాకేం అభ్యంతరం లేదు, సూర్యుడే వింత మీద మండుతున్నాడు. నా పేచీ వేరే. ఒక ఎలక్ట్రాన్ పైకి వెళ్లే అవకాశం 90 శాతం, కిందికి వెళ్లే అవకాశం 10 శాతం అని బోర్న్ నియమం చెబుతుంది, ప్రయోగంలో సరిగ్గా అలాగే వస్తుంది. ఎవరెట్ ప్రకారం రెండూ జరుగుతాయి, తప్పనిసరిగా. రెండూ జరిగేటప్పుడు 90 అన్న అంకెకి అర్థమేమిటి? పై శాఖ ఎక్కువ "బరువు" అంటారు. బరువైన శాఖలో ఉన్నవాడికి తన శాఖ బరువైందని ఎలా తెలుస్తుంది, తెలియకపోతే వాడు 90కే ఎందుకు పందెం కాయాలి? డేవిడ్ డాయిచ్ 1999లో తెలివైనవాడు పందేలు ఎలా కాయాలన్న సూత్రాల నుంచి బోర్న్ నియమం రాబట్టానన్నాడు. నేను కాగితం పెట్టుకుని ఆ వాదాన్ని వెంబడించినప్పుడల్లా, ఒకానొక మెట్టు దగ్గర రాబట్టాల్సిందాన్నే ముందుగా ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. ఆ మెట్టు సరైందేనని ఎవరైనా నాకు కుదురుగా చూపించగలిగితే నా ఓటు మార్చుకుంటాను.